జైలు గదంత చోటు చాలు: పర్లాకిమిడి మేడ మీద బాక్సింగ్ ఎలా మొదలెట్టాం

పోయినేడు ఊరి సంబరంలో గొడవపడి మా మేనల్లుడు ఒక రాత్రంతా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. కేసు దాకా పోలేదు, పెద్దమనుషులు మాట్లాడి తీసుకొచ్చారు, కానీ మా అప్ప రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు వాణ్ణి నా దగ్గరకి తీసుకొచ్చి "తమ్ముడూ, ఈడు నువ్వు సెప్తేనే ఇంటాడు, ఏటి చేస్తావో నాకు తెల్దు" అనేసి వెళ్ళిపోయింది. గుంటడికి 20 ఏళ్ళు, 96 కిలోలు, చెయ్యి చూస్తే గునపం పట్టుకునే చెయ్యి, డిగ్రీ మధ్యలో ఆపేశాడు, సాయంత్రమైతే ఎవడో ఒకడితో కయ్యం. నేను విశాఖలో చదివేటప్పుడు మూడేళ్ళు బాక్సింగ్ ఆడాను, పతకాలేం రాలేదుగానీ ముక్కు మాత్రం కొంచెం పక్కకి తిరిగింది, అందుకని మా ఇంట్లో నేనే పెద్ద బాక్సర్ని.

అప్పట్నుంచి ఇటు ఒడిశా వైపు మా పర్లాకిమిడి, అటు ఆంధ్రా వైపు పాతపట్నం కుర్రాళ్ళు చాలామంది "మావా, మేం కూడా మొదలెట్టాలంటే ఏం కొనాలి, ఎక్కడ చేరాలి" అని అడుగుతున్నారు. ప్రతివాడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నా. జిమ్ లేదు, రింగ్ లేదు, కోచ్ విశాఖలోనో భువనేశ్వర్లోనో ఉంటాడు, డబ్బు లేదు, మరి ఎలా అన్నదే ఇందులో విషయం.

నేను వాణ్ణి కూర్చోబెట్టి ముందు చెప్పింది రాన్ లైల్ కథ. అమెరికావాడు, డెన్వర్లో పెరిగాడు, 19 మంది పిల్లలున్న ఇల్లు. కుర్రతనంలో ముఠా తగాదాలో ఒకడు చనిపోతే సెకండ్ డిగ్రీ మర్డర్, అంటే ముందుగా పథకం వేసుకోని హత్య కింద శిక్షపడి కొలరాడో రాష్ట్ర జైలుకి పోయాడు, ఏడున్నరేళ్ళు లోపలే. అక్కడ ఇంకో ఖైదీ కడుపులో కత్తి దించితే గంటల తరబడి ఆపరేషన్ చేశారు, చచ్చి బతికాడనే అనుకోండి. ఆ జైల్లో ఆటలు చూసుకునే క్లిఫ్ మాటాక్స్ అనే అధికారి ఇతన్ని వదల్లేదు, బాక్సింగ్ వైపు తిప్పాడు. జైల్లో ఆడిన మొదటి పోటీలో ఓడిపోయాడు మళ్ళీ, అది గుర్తుపెట్టుకోండి. 1969 చివర్లో పెరోల్ మీద బయటికొచ్చి 1970లో అమెరికా జాతీయ అమెచ్యూర్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు, 1971లో ప్రొఫెషనల్ అయ్యేటప్పటికి వయసు 30. మిగతావాళ్ళు రిటైర్ అవ్వాలా వద్దా అని ఆలోచించే వయసది. నాలుగేళ్ళు తిరిగేసరికి మహమ్మద్ అలీతో టైటిల్ ఫైట్ ఆడాడు.

ఇదంతా విని మావాడు ఒకటే ప్రశ్న వేశాడు. "అంటే నేను కూడా జైలుకెళ్ళాలేటి మావా?"

చెంప మీద ఒకటిద్దామనుకున్నాను కానీ ప్రశ్నలో విషయం ఉంది. జైలు అతనికి ఏమిచ్చింది? అది మంచి చోటని కాదు, కత్తిపోటే దానికి సాక్ష్యం. నేను తిప్పి తిప్పి ఆలోచిస్తే బాక్సింగ్‌కి పనికొచ్చేవి మూడే తేలాయి: రోజూ అదే టైము, తప్పించుకుపోలేని చిన్న చోటు, పక్కన నిలబడి చూసే ఒక మనిషి. ఈ మూడూ బయట కూడా తయారుచేసుకోవచ్చు, కాకపోతే తలుపుకి తాళం బయట్నుంచి కాకుండా లోపల్నుంచి మనమే వేసుకోవాలి, అదే కష్టం.

చోటు సంగతి. ఎనిమిదడుగులు ఆరడుగులు ఖాళీ ఉంటే చాలు. మేం మేడ మీద మొదలెట్టాం, సుద్దముక్కతో గచ్చు మీద గీత గీసి, ట్రైనింగ్ అయ్యేదాకా ఆ గీత దాటి బయటికి రావద్దన్నాను, నీళ్ళు తాగడానికి కూడా. వాడు నవ్వాడు, నాలుగోరోజుకి నవ్వు ఆగింది. మేడ మీద రెండు ఇబ్బందులున్నాయి, ముందే చెప్తున్నా. 96 కిలోల మనిషి తాడాట ఆడితే కింద ఇంట్లో గిన్నెలు కదులుతాయి, మా కింద అద్దెకున్నవాళ్ళు మొదటి వారంలోనే పైకొచ్చి ఒడియాలో ఒకటి తెలుగులో ఒకటి అందుకున్నారు. రెండోది, వానాకాలం నాచు. ఒక్కసారి జారితే నడుము పోద్ది. అందుకని జులై నుంచి తెలిసినవాళ్ళ రైస్ మిల్లు వెనక షెడ్డులోకి మారిపోయాం, దుమ్ము ఉంటుంది గానీ నేల గరుకు, పైన ఇనప దూలం ఉంది, ఊక కావలసినంత. మీకు గొడ్లపాక ఖాళీగా ఉన్నా సరే, స్కూలు వరండా అయినా సరే, నేల తడి లేకుండా ఉండాలి, తల మీద ఏదీ తగలకూడదు, అంతే.

టైము. పొద్దున ఐదున్నర అంటే ఐదున్నర. సెల్లులో రౌండ్ టైమర్ యాప్ ఒకటి ఎక్కించుకోండి, 3 నిమిషాలు పని, 1 నిమిషం రెస్టు, అమెచ్యూర్ పోటీల్లో మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా అలాంటి 3 రౌండ్లే. మొదటి నెల 3 రౌండ్లు మాత్రమే చేయించాను, వాడు ఇంకా చేస్తానన్నా ఒప్పుకోలేదు. మనోళ్ళ జబ్బు ఏంటంటే మొదటిరోజు మూడు గంటలు ఇరగదీసి రెండోరోజు మంచం దిగరు. రోజుకి 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆదివారం ఎలాగూ ఇంట్లో కోడికూర కాబట్టి సెలవు. రోజు తప్పితే ఆ తర్వాతి రోజు డబుల్ చేయడం లాంటివి వద్దు, పోయింది పోయినట్టే వదిలెయ్యండి.

ఇప్పుడు చేతికట్టు, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. విశాఖలో చేరిన మొదటి వారం, సీనియర్లు లేని టైములో, కట్టు లేకుండా, గ్లౌజు లేకుండా, ఇసక నింపిన బ్యాగుని హీరోలా గట్టిగా కుడిచేత్తో కొట్టాను. చిటికెన వేలు కింద ఎముక చిట్లింది. దానికి బాక్సర్ ఫ్రాక్చర్ అని పేరే ఉంది, తమాషా ఏంటంటే అది నిజం బాక్సర్ల కంటే గోడల్ని గుద్దే కోపిష్టి కుర్రాళ్ళకే ఎక్కువ వస్తుంది, కొట్టడం తెలిసినవాడు చూపుడువేలు, మధ్యవేలు కణుపుల మీద దించుతాడు, తెలియనివాడు పక్కకి ఊపి చివరి రెండు వేళ్ళ మీద దించుతాడు. ఐదు వారాలు పిండికట్టు, పరీక్షలు ఎడమచేత్తో రాశాను.

కొన్న కట్టు అయితే 180 అంగుళాలది తీసుకోండి, అంటే నాలుగున్నర మీటర్లు. కొనకపోయినా పర్లేదు, పాత కాటన్ పంచెనో చీరనో పొడుగునా రెండంగుళాల వెడల్పు పీలికలుగా చింపండి, మూరతో కొలిస్తే చేతికి పది మూరలు. సిల్కు, పాలిస్టర్ జారిపోతాయి, వద్దు. చివర్న బొటనవేలు దూరేలా చిన్న ఉచ్చు ముడి వెయ్యండి. వేళ్ళు బాగా చాచి పెట్టాలి, ముడిచి కడితే తర్వాత పిడికిలి బిగుసుకోదు. బొటనవేలికి ఉచ్చు తగిలించి, చెయ్యి వెనకవైపు నుంచి తెచ్చి మణికట్టుకి మూడు చుట్లు, అక్కణ్ణుంచి ఏటవాలుగా పైకి వచ్చి కణుపుల మీద మూడు చుట్లు, తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కోటి తీసి ప్రతిసారీ మణికట్టుకి తిరిగి రావాలి, చిటికెన సందు, నడిమి సందు, చూపుడువేలి సందు. బొటనవేలికి ఒక చుట్టు, మిగిలింది కణుపుల మీదా మణికట్టుకీ. పిడికిలి బిగిస్తే గట్టిగా ఉండాలి, వదిలితే వేళ్ళు నీలం తిరగకూడదు. మొదటి రెండు వారాలు మావాడికి ఒక్కో చేతికి పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు మాట్లాడుకుంటూ కట్టేస్తాడు. కట్టుకునే టైములో మనసు కూడా కుదురుతుంది, అది లెక్కలోకి రాని లాభం. ఇంకోటి, రోజూ ఉతకండి బాబూ, ఆ కంపు మీకు తెలియదు పక్కనోడికి తెలుస్తుంది.

నిలబడడం. కుడిచేతివాటం వాళ్ళైతే ఎడమకాలు ముందుకి, కుడికాలు వెనక్కి, రెండు పాదాల మధ్య మీ భుజాల వెడల్పు, పాదాలు రెండూ ఒకే గీత మీద ఉండకూడదు, తాడు మీద నడిచేవాడిలా ఉంటే తోస్తే పడిపోతారు. వెనక మడమ కొంచెం లేచి ఉండాలి, మోకాళ్ళు సడలించి, గడ్డం ఛాతీ వైపు దించి, పిడికిళ్ళు చెంపల పక్కన, మోచేతులు డొక్కలకి ఆనించి. పరీక్ష ఏంటంటే ఎవరైనా వచ్చి చెప్పకుండా భుజం మీద తోయాలి, అటూ ఇటూ ముందూ వెనకా. కదలకుండా ఉన్నావా నిలబడ్డట్టు, అడుగు పడిందా మళ్ళీ మొదటికి. మావాడిని నేను పదిరోజులు కొట్టనివ్వలేదు, నిలబడడం, ముందుకి జరగడం, వెనక్కి జరగడం, అంతే. ముందుకెళ్ళేటప్పుడు ముందుకాలు మొదట, వెనక్కెళ్ళేటప్పుడు వెనకకాలు మొదట, ఎడమకి ఎడమకాలు, కుడికి కుడికాలు, కాళ్ళు ఎప్పుడూ అడ్డం పడకూడదు. పదోరోజు వాడు "మావా ఇది బాక్సింగేటి, పెళ్ళికూతురి నడకలాగుంది" అన్నాడు. నిజమే, అలాగే ఉంటది. బలమంతా నేల నుంచే వస్తుంది, చెయ్యి ఊరికే దాన్ని మోసుకెళ్తుంది.

తర్వాత జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ. ఇక్కడ ఇంకో జైలు మనిషిని తెస్తాను, సోనీ లిస్టన్. ఈయన దోపిడీ కేసులో 1950లో మిజోరీ రాష్ట్ర జైలుకి వెళ్ళాడు, చదవడం రాయడం రాదు, తండ్రికి మొత్తం 25 మంది పిల్లలట. అక్కడ అలోయిస్ స్టీవెన్స్ అనే క్యాథలిక్ ఫాదర్ ఆటల వ్యవహారం చూసేవాడు, ఈ కుర్రాడి ఒళ్ళు చూసి గ్లౌజులు తొడిగించాడు. వీడికి నిజంగా సత్తా ఉందా లేదా తేల్చుకుందామని థర్మన్ విల్సన్ అనే ప్రొఫెషనల్ హెవీవెయిట్‌ని జైలుకి పిలిపించి ఆడిస్తే, రెండు రౌండ్లయ్యాక విల్సన్ నన్ను బయటికి పంపండి వీడు చంపేస్తాడు అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1952లో పెరోల్, 1953లో ప్రొఫెషనల్, 1962 సెప్టెంబర్లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని మొదటి రౌండ్లోనే పడగొట్టి ప్రపంచ ఛాంపియన్. అందరూ ఆయన పిడికిలి గురించి మాట్లాడతారు, చుట్టుకొలత 15 అంగుళాలు మరి, చిన్న గుమ్మడికాయంత. కానీ తెలిసినవాళ్ళు మాట్లాడేది ఆయన ఎడమచేతి జాబ్ గురించి. మనిషి ఆరడుగుల పైన ఒక అంగుళం, చేతులు బారు చాస్తే 84 అంగుళాలు, అంటే ఏడడుగులు, మామూలు మనిషికి ఎత్తూ బారా ఇంచుమించు సమానం కదా, ఈయనకి దాదాపు ఒక అడుగు ఎక్కువ. మిగతావాళ్ళు జాబ్‌ని కొలత చూసుకోడానికి వాడతారు, లిస్టన్ జాబ్ తగిలితే తల వెనక్కి విరిగేది.

మనకి ఏడడుగుల బారు లేదు కాబట్టి పద్ధతైనా ఉండాలి. చెంప దగ్గర నుంచి పిడికిలి సూటిగా పోవాలి, మోచెయ్యి పక్కకి లేవకూడదు, కోడి రెక్క విప్పినట్టు లేచిందంటే ఎదుటోడికి ముందే తెలిసిపోద్ది. మీ కుడివైపు గోడకి ఆనుకున్నట్టు నిలబడి ఎడమ జాబ్ వెయ్యకండి, ఎడమవైపు గోడకి దగ్గరగా నిలబడి వెయ్యండి, మోచెయ్యి లేస్తే గోడకి గీసుకుంటుంది, రెండ్రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. చివర్లో పిడికిలి తిరిగి అరచెయ్యి నేలవైపు చూడాలి, భుజం వచ్చి గడ్డాన్ని కప్పాలి, పోయిన దారిలోనే వెనక్కి రావాలి. కొట్టేటప్పుడు ముక్కుతో ఊపిరి "ఉష్" మని వదలండి, బిగపట్టి కొడితే రెండో నిమిషానికి దమ్ము ఆగిపోద్ది. వెనక చెయ్యి మాత్రం చెంప వదలకూడదు. మావాడికి ఆ చెయ్యి కిందికి జారిపోయే అలవాటు ఉంటే చెవికీ పిడికిలికీ మధ్య సబ్బుబిళ్ళ పెట్టించాను, పడితే పది గుంజీలు. రోజుకి 3 రౌండ్లు జాబ్ ఒక్కటే, నెల రోజులు. తర్వాతే కుడిచేతి స్ట్రెయిట్, అంటే వెనక చేత్తో వేసే సూటి దెబ్బ, దానికి నడుము తిరగాలి, వెనక మడమ సిగరెట్ పీక నలిపినట్టు తిరగాలి. పక్కనుంచి వేసే హుక్కులూ కిందనుంచి పైకి వేసే అప్పర్‌కట్లూ ఇక్కడ రాయను, అవి చూసి దిద్దే మనిషి లేకుండా నేర్చుకుంటే తప్పుగానే వస్తాయి.

బ్యాగు. ఇసక వద్దు. మళ్ళీ చెప్తున్నా, ఇసక వద్దు, వారానికల్లా కిందికి దిగిపోయి అడుగుభాగం బండరాయి, పైభాగం ఖాళీ జోలె. మేం చేసింది ఏంటంటే రెండు మంచి గోనె బస్తాలు ఒకదాంట్లో ఒకటి, లోపల ఒక ప్లాస్టిక్ బస్తా, దుమ్ము బయటికి రాకుండా. అందులో పాత బట్టలు, దర్జీ దగ్గర మిగిలే ముక్కలు, మధ్యమధ్యలో ఊక. ఉత్త ఊక అయితే తేలిక, ఉత్త బట్టలైతే గడ్డలు కడతాయి, రెండూ కలిపితే సరిపోయింది. ఐదు కిలోలు వేసి రోకలితో దంచాలి, మళ్ళీ ఐదు కిలోలు, మళ్ళీ దంచుడు, మా అప్ప వచ్చి "ఏట్రా పిండి కొడతన్నారా" అని నవ్వింది, ఆ సంఘటన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. బరువు మీ ఒంటి బరువులో సగం దగ్గర ఉండాలి, వాడికి 45 కిలోలు చేశాం. దూలానికి నైలాన్ తాడు కాదు ఇనప గొలుసు వెయ్యండి, తాడు ఒరిపిడికి తెగుద్ది. కట్టుతో పాటు గ్లౌజు వేసుకునే బ్యాగు ముట్టుకోవాలి. డబ్బు పెట్టాల్సిన చోటు ఒక్క గ్లౌజులే, బ్యాగుకీ స్పారింగ్‌కీ (ఎదురుగా మనిషిని పెట్టుకుని ఆడే ప్రాక్టీసు) కలిపి 16 ఔన్సులవి ఒక జత కొంటే పెద్ద ఒంటివాళ్ళకి చాలు.

కసరత్తు గురించి. లైల్ జైల్లో ఒంటరి గదిలో పెడితే గంటలో వెయ్యి పుషప్స్ తీసేవాడని చెబుతారు. లెక్కేస్తే నిమిషానికి దాదాపు 17. ఇది విన్న ప్రతివాడూ అదేరోజు వెయ్యి తీద్దామని మొదలెట్టి అరవై దగ్గర బోర్లా పడతాడు. లెక్కలో ఉన్న కిటుకు చూడండి, ఒకేసారి వెయ్యి కాదు, ప్రతి నిమిషం కొన్ని. మేం నిమిషానికి 5 చొప్పున పది నిమిషాలతో మొదలెట్టాం, మూడు వారాలకి నిమిషానికి 8, రెండు నెలలకి 10, అంటే పది నిమిషాల్లో వంద. 96 కిలోల మనిషికి అది చిన్న విషయం కాదు. మన వైపు కోడి రామమూర్తి నాయుడు పేరు చెప్పని వ్యాయామశాల ఉండదు, వీరఘట్టంలో పుట్టి దేశమంతా కలియుగ భీముడనిపించుకున్నాడు, ఆ కాలంలో వీళ్ళకి మెషీన్లెక్కడివి, దండేలూ బస్కీలే కదా. బస్కీలు కూడా అదే నిమిషం లెక్కన చెయ్యండి.

తాడాట: తాడు మధ్యలో తొక్కిపెట్టి రెండు కొసలూ పైకి లాగితే చంకల దాకా రావాలి, అదే కొలత. ఒళ్ళు బరువున్నవాళ్ళు 30 సెకన్లు గెంతి 30 సెకన్లు ఆగండి, నేల నుంచి అంగుళం లేస్తే చాలు, ఎగిరిపడక్కర్లేదు. పరుగు కూడా అంతే, బరువు మనిషి మొదటిరోజే ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే మోకాళ్ళు రాజీనామా ఇస్తాయి. మేం మహేంద్రతనయ ఒడ్డు వైపు మూడు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, అలా అరగంట. కొన్నాళ్ళకి అది తిరగబడి మూడు నిమిషాలు పరుగు ఒక నిమిషం నడక అయింది. ఇక్కడ ఒక సరదా ఉంది, ఒడిశాలో మొదలెట్టి ఆంధ్రాలో టీ తాగి మళ్ళీ ఒడిశాకి తిరిగి రావచ్చు, అంత దగ్గర.

దమ్ము లేకపోతే ఎంత బలమున్నా ఏమవుద్దో లిస్టనే చూపించాడు. ప్యాటర్సన్‌తో రెండుసార్లు ఆడాడు, 1962లో 2 నిమిషాల 6 సెకన్లు, 1963లో 2 నిమిషాల 10 సెకన్లు, అంటే ఆ రెండు ఫైట్లలో కలిపి రింగులో గడిపింది మొత్తం 4 నిమిషాల 16 సెకన్లు. తర్వాతిది కూడా అలాగే అయిపోద్దనుకున్నాడు. 1964 ఫిబ్రవరిలో మయామీలో ఎదురుగా వచ్చిన 22 ఏళ్ళ కుర్రాడు ఆరు రౌండ్లు చుట్టూ తిప్పాడు, ఏడో రౌండ్‌కి లిస్టన్ భుజం నొప్పని స్టూలు మీంచి లేవలేదు. ఆ కుర్రాడే తర్వాత మహమ్మద్ అలీ. బ్యాగు మీద 3 నిమిషాల రౌండ్‌లో మొదటి నిమిషం ఎంత గట్టిగా కొట్టావో చూడను, మూడో నిమిషంలో చేతులు ఎక్కడున్నాయో చూస్తాను అని మావాడికి రోజూ చెప్పేది అందుకే.

తిండి గురించి పెద్దగా లేదు. పొద్దున చోడి అంబలి, కసరత్తయ్యాక నాలుగు గుడ్లు, మధ్యాహ్నం మామూలు అన్నమే కానీ పప్పు ఎక్కువ, ఉలవలు, చేప దొరికిన రోజు చేప. పౌడర్ డబ్బాలు వద్దు, ఆ డబ్బుతో గుడ్లు కొనండి. వేసవిలో చద్దన్నం మజ్జిగ ఉల్లిపాయ, పక్కింటి ఒడియావాళ్ళు పఖాళ అంటారు, పేరే తేడా. మావాడికి సాయంత్రం బజ్జీలూ కూల్ డ్రింకూ మాన్పించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఇప్పుడు 91 కిలోలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి 92 కిలోల పైన సూపర్ హెవీ, 80 నుంచి 92 దాకా హెవీ, ఈ అంకెలు మారుతూ ఉంటాయి, పోటీకి పేరిచ్చే ముందు అడగండి. ప్రొఫెషనల్‌లో హెవీ అంటే 200 పౌన్ల పైన, దాదాపు 91 కిలోలు. పొట్టతో హెవీవెయిట్ అవ్వడం సులువే, కానీ ఆ విభాగంలో ఎదురొచ్చేవాడికి పొట్ట ఉండదు.

స్పారింగ్ మూడు నెలల లోపు వద్దు, ఇంట్లో ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా అసలు వద్దు. నోటికి మౌత్‌గార్డ్ లేకుండా, వేడినీళ్ళలో ముంచి కొరికి పళ్ళ అచ్చు తీసుకునేది, తక్కువ ధరదే, అది లేకుండా ఒక్క రౌండ్ కూడా ఆడకండి. మొదట్లో మేం పెట్టుకున్న రూలు జాబ్ మాత్రమే, అదీ పొట్ట మీద భుజాల మీద. తలకి గట్టిగా తగిలాక తలనొప్పి తగ్గకపోయినా, వాంతి వచ్చినా, మాట తడబడినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే ఆస్పత్రికి, "ఏం కాదులే" అనే మాటే వద్దు. స్పృహ తప్పి పడినవాడు కనీసం మూడు నెలలు గ్లౌజు ముట్టుకోకూడదు. మన ఊళ్ళలో ఈ ఒక్క విషయంలో మగతనం మాట తెస్తారు, దయచేసి పట్టించుకోకండి.

లైల్ ఫైట్లు రెండు నేను మావాడికి చూపించి వాడి చేత మాట్లాడించాను, కొట్టడం నేర్చుకోడానికి కాదు, ఆగడం నేర్చుకోడానికి. 1975 మేలో లాస్ వేగాస్‌లో అలీతో. అలీ తాళ్ళకి ఆనుకుని రమ్మని పిలుస్తాడు, కొట్టి కొట్టి అలిసిపోవాలని ఎత్తు, ముందటేడు అప్పటి ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ ఆ ఉచ్చులోనే పడ్డాడు. లైల్ పోలేదు, రింగు మధ్యలో నిలబడి నువ్వే రా అన్నట్టు చూశాడు. పది రౌండ్లయ్యేసరికి జడ్జీల లెక్కలో లైలే ముందు. పదకొండులో ఒక్క కుడిచెయ్యి తగిలింది, ఆ వెనకే వాన కురిసినట్టు దెబ్బలు, రిఫరీ ఆపేశాడు. రెండోది 1976 జనవరిలో ఫోర్‌మన్‌తో, అదేమో పూర్తిగా ఉల్టా, నాలుగో రౌండ్లో ఇద్దరూ కిందపడి లేచారు, ఐదులో లైల్ లేవలేదు, ఆ ఏడాది అత్యుత్తమ ఫైట్‌గా రింగ్ పత్రిక ఎంపిక చేసింది. మావాడికి రెండోదే నచ్చింది, ఆ వయసుకి అదే నచ్చుద్ది. నేను "మొదటిదాంట్లో లైల్ చేతులు పదో రౌండ్లో ఎక్కడున్నాయో చూడు" అన్నాను. చూశాడు. చెంప దగ్గరే ఉన్నాయి. సబ్బుబిళ్ళ గొడవ ఆ రోజుతో తీరిపోయింది.

చూసే మనిషి. ఇది దొరక్క ఎక్కువమంది ఆగిపోతారు. ఫాదర్ స్టీవెన్స్ గానీ మాటాక్స్ గానీ బాక్సింగ్ దిగ్గజాలేం కాదు, రోజూ వచ్చారు, ఆ మనిషిని మనిషిగా చూశారు, తమకి తెలియని దగ్గర తెలిసినవాణ్ణి పిలిపించారు. మీకు అలాంటి మనిషి బాక్సర్ అవ్వక్కర్లేదు, మీ తాతయ్య అయినా సరే, కుర్చీ వేసుక్కూర్చుని "చెయ్యి దిగింది" అని అరిస్తే చాలు. ఎవరూ లేకపోతే సెల్ఫోన్ గోడకి ఆనించి రోజూ ఒక రౌండ్ వీడియో తీసి ఆదివారం చూసుకోండి, మొదటిసారి చూసుకున్నప్పుడు సిగ్గేస్తుంది, వెయ్యనివ్వండి. లైల్ కూడా చివరికి ఆ మనిషే అయ్యాడు, డెన్వర్లో పిల్లలకి బాక్సింగ్ నేర్పుతూ గడిపాడు, 2011లో పోయాడు.

నాలుగైదు నెలలు మానకుండా చేశాక అసలు కోచ్ దగ్గరకి వెళ్ళండి. మనకి దగ్గర విశాఖే, గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కితే తిన్నగా తీసుకెళ్ళి దింపుద్ది. బాక్సింగ్‌లో విశాఖకి మంచి పేరుంది, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కూడా మొదట్లో అక్కడి సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్లోనే ట్రైనింగ్ తీసుకుంది, 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇక మన సరిహద్దు వాళ్ళకి ఒక చిక్కుంది, ఇంట్లో తెలుగు, ఆధార్‌లో ఒడిశా, చదువు ఆంధ్రా. ఏ రాష్ట్రం తరపున ఆడతారో మొదటి పోటీకి ముందే రెండువైపులా అడిగి తేల్చుకోండి, పుట్టినతేదీ సర్టిఫికెట్టూ ఆధారూ స్కూలు సర్టిఫికెట్టూ మూడింట్లోనూ పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందా చూసుకోండి. మావాడికి ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, అది సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగాం, వాడు ఆ క్యూలో ఒక్కసారి కూడా ఎవడితోనూ గొడవపడలేదు, నేను పక్కనే ఉండి చూశాను. వయసు గురించి కంగారుపడకండి, అమెచ్యూర్‌లో పెద్దల విభాగం 19 నుంచి 40 దాకా.

ఆఖరుగా బ్యాగు సంగతి ఒకటి మర్చిపోయాను. గోనె బస్తా ఎంత మంచిదైనా రెండు నెలలకి కొట్టే చోట పీచు లేచి కుట్టు విడిపోతుంది, అప్పుడు కొత్తది చెయ్యక్కర్లేదు, ఊక కారిన చోట పాత జీన్స్ ప్యాంటు ముక్క వేసి కుట్టెయ్యొచ్చు. దబ్బనం, పురికొస షెడ్డులోనే ఒక డబ్బాలో పెట్టుకోండి. మా దగ్గర కుట్టే పని వాడిదే, వంకరటింకరగా కుడతాడు గానీ ఊడట్లేదు.